పేరుపాలెం సముద్రమునకు కుటుంబముగా వెళ్ళేవారికి



చెరువులు, కాలువలు, కొల్లేరు చూస్తూ పెరిగిన మన భీమడోలు ప్రాంతపు పిల్లలలో సముద్రము చూడనివారు ఇంకా ఉన్నారు. మొగల్తూరు మండలములోని పేరుపాలెం తీరము మనకు ఒక దినపు ప్రయాణమే. 2022లో జిల్లాలు విడిపోయి మనము ఏలూరు జిల్లాలోనికి వచ్చినా, తెల్లవారుజామున వ్యాను ఎక్కి తాడేపల్లిగూడెం, భీమవరం, నరసాపురం మీదుగా వెళితే రాత్రికి ఇల్లు చేరవచ్చును. 1836లో ఇంగ్లండునుండి మన దేశమునకు వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు సేవచేసిన పట్టణమే నరసాపురము. దారిలోనే గనుక పెద్దపిల్లలకు ఆ సంగతి చెప్పండి.

తీరమున కొబ్బరిచెట్లు, సరుగుడు తోపులు ఉన్నవి. నీడ చూసుకొని చాప పరచుకొంటే ఇంటినుండి తెచ్చిన పులిహోర ఎంతో రుచి! పీతలు బొరియలలోనికి పరుగెత్తుట చూస్తూ చిన్నపిల్లలు పూట గడిపేస్తారు. మన కొల్లేటి నీరు ఉప్పుటేరు వెంట పోయి కలిసేది ఈ బంగాళాఖాతములోనేనని వారికి చూపించండి. కార్తీక మాసములోను, ఆదివారములలోను జనము ఎక్కువ; మామూలు దినమైతే మేలు.

అయితే మా భయమంతా యౌవనస్థులను గూర్చియే. ఏలూరు కాలువలో ఈదినవాడు సముద్రము కూడ అంతేననుకొంటాడు. కాలువ నీరు ఒకవైపే పోవును. సముద్రములోనైతే ఒడ్డుకు వచ్చిన నీరు కొన్నిచోట్ల ఒక పాయగా కూడి లోపలికి బలముగా లాగును. రెండు ప్రక్కల అలలు తెల్లగా విరుగుచుండగా నడుమ నీరు ప్రశాంతముగా, రంగు మారి కనిపిస్తే అక్కడ దిగవద్దు. చూచుటకు అదే మంచి చోటువలె ఉండును!

ఒకవేళ లాగివేస్తే ఒడ్డువైపునకు ఎదురీదరాదు; ఎంత ఈతగాడైనా అలసిపోవును. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, పాయ దాటిన తరువాత ఒడ్డుకు రావలెను. చేతకాకపోతే వెల్లకిల తేలుచు చెయ్యి ఊపవలెను. ఒడ్డుననున్నవారు వెంట దూకక తాడో, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బాయో విసరవలెను. అందుకే ఆ రెండూ వ్యానులో ఉంచుకొనండి. మోకాలి లోతు దాటవద్దని పిల్లలకు ముందే చెప్పి, పెద్దవారొకరు నీటివైపే చూస్తూ కూర్చుండవలెను. అలలు ఎగసే దినమున దిగనే వద్దు.

తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణము మానుకొనండి. 2004 డిసెంబరు 26న, ఆదివారము ఉదయము, సునామీ మన ఆంధ్ర తీరమునకు కూడ వచ్చినది. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గితే వింత చూడక దూరముగా పరుగెత్తవలెను.

చంటిబిడ్డలు, వృద్ధులు ఉన్నవారికి కైకలూరు దగ్గర ఆటపాక నయము. కొల్లేటి గూడబాతులను అక్కడ దగ్గరగా చూడవచ్చును.

చీకటి పడకముందే అందరినీ నీటిలోనుండి పిలిచి, పేరు పేరున లెక్క చూచుకొని వ్యాను ఎక్కండి.