అధ్యక్షపదవి: డోర్నకల్ పీఠచరిత్ర

గ్రీకుభాషలో ‘ఎపిస్కొపొస్’ అను పదమునకు పైనుండి కనిపెట్టి చూచువాడని అర్థము. అది లాటినులో ప్రవేశించి, రూపు మారి, ఇంగ్లీషున ‘బిషప్’ అయినది. తెలుగు బైబిలు అనువాదకులు ఈ పదమును ‘అధ్యక్షుడు’ అని తెనిగించిరి. ఆ యెన్నిక యాదృచ్ఛికము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమునకు ‘అధ్యక్షప్రచారము’ అని పేరు. గనులకు, నేతపనికి, పశువులకు, పణ్యములకు వేర్వేరుగ నియమితులైన అధ్యక్షుల విధులను అది వివరించుచున్నది. కనుక ఆ పదము గౌరవముకంటె ముందు బాధ్యతను స్ఫురింపజేయును. రోమను కాథలికులు ఇదే పదవికి ‘పీఠాధిపతి’ అనియు, ఆయన యేలుబడిలోని ప్రాంతమునకు ‘మేత్రాసనము’ అనియు పేళ్ళు పెట్టుకొనిరి. ఒక మాట ఆసనమును చూపుచున్నది, వేరొకటి పనిని చూపుచున్నది. తెలుగుదేశమున ఆంగ్లికను సంఘపు అధ్యక్షపదవి చరిత్రయంతయు ఈ రెండు భావముల నడుమ సాగిన వివాదమే యని చెప్పవచ్చును.

ఈ పదవి భారతదేశమునకు చట్టముద్వారా వచ్చినది. 1813లో ఈస్టిండియా కంపెనీ పట్టాను తిరిగి మంజూరుచేసిన పార్లమెంటు చట్టము కలకత్తాకు ఒక బిషప్పును, కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములకు ముగ్గురు ఆర్చిడీకన్లను ఏర్పరచినది. బిషప్పు దూరమున నున్నపుడు ఆయన కన్నుగా వ్యవహరించువాడు ఆర్చిడీకను. 1814లో మొదటి బిషప్పుగా వచ్చిన థామస్ మిడిల్టను అధికారపరిధి ఉపఖండమంత విశాలమైనది. ఆస్ట్రేలియాఖండము సైతము కొంతకాలము కలకత్తా పీఠమునకు లోబడి యుండెను. ఆయన తరువాత వచ్చిన రెజినాల్డ్ హీబరు కవి. సంచారములోనే 1826లో తిరుచిరాపల్లిలో మరణించెను. మద్రాసుకు ప్రత్యేకముగ బిషప్పు 1835లో గాని రాలేదు. ఈ బిషప్పులు రాజపత్రముచే నియమితులు. వారి జీతము ప్రభుత్వపు ఖజానానుండి వచ్చెడిది. వారి ప్రథమకర్తవ్యము దొరలకును, సైనికులకును సంబంధించినది. గ్రామములలోని దేశీయక్రైస్తవులు వారికి దూరపుబంధువులవంటివారు.

తెలుగుసీమలో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో బందరున మొదలైనది. రాబర్ట్ నోబిల్ పాఠశాలను చేపట్టెను. హెన్రీ ఫాక్సు ప్రచారము చేపట్టెను. క్రమముగ ఏలూరు, బెజవాడ ప్రాంతములకు ఆ పని వ్యాపించినది. వేరొక ఆంగ్లికను సంస్థ నంద్యాల, కర్నూలు ప్రాంతములలో నిలదొక్కుకొన్నది. అయితే ఈ సంఘముల అధ్యక్షుడు మద్రాసులో నుండెను. ఆయన దర్శనము గ్రామీణులకు ఏండ్లకొకమారు లభించెడిది. తిరునెల్వేలిలో ఈ కొరత తీర్చుటకు 1877లో ఇద్దరు సహాయక బిషప్పులకు అభిషేకము చేసిరి. వారిలో నొకరు రాబర్ట్ కాల్డ్వెల్. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో వెలువరించిన ఆ పండితుని తెలుగు రచయితలకు పరిచయము చేయనక్కరలేదు. ఆయన అధ్యక్షత భాషాజ్ఞానముపై నిలిచిన అధ్యక్షత. కాని ఆయనయు పాశ్చాత్యుడే.

1899లో మద్రాసు బిషప్పైన హెన్రీ వైట్‌హెడ్ తెలుగుపల్లెలను కాలినడకను చూచినవాడు. గ్రామదేవతలను గుఱించి ఆయన వ్రాసిన గ్రంథము 1916లో అచ్చయినది. తెలుగు గ్రామములలో మాల, మాదిగ కుటుంబములు గుంపులు గుంపులుగ సంఘమున చేరుచుండగా, వారి నడుమ నివసించి వారి భాషలో మాటలాడు అధ్యక్షుడు కావలెనని ఆయన తలచెను. ఆయన దృష్టి వేదనాయకము శామ్యూలు అజరయ్యపై నిలిచినది.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి మండలమున వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి గ్రామగురువు. మద్రాసు క్రైస్తవకళాశాలలో చదివి, యువజన క్రైస్తవసంఘమున కార్యదర్శిగ పనిచేసెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొమ్ముతో, తమ మనుష్యులతో ఒక ప్రచారసంస్థను స్థాపించినపుడు దానికి మూలస్తంభముగ నుండెను. ఆ సంస్థ నిజాము రాష్ట్రములోని తెలుగుప్రాంతమును ఎన్నుకొన్నది. 1909లో అజరయ్య స్వయముగ డోర్నకల్ వచ్చి, ముప్పదియైదవ యేట తెలుగు నేర్చుకొనెను. మరుసటి సంవత్సరము ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీయులు త్యాగము చేయుచున్నారు గాని స్నేహము చేయుటలేదని నిర్మొహమాటముగ పలికెను. సభికులలో పలువురికి ఆ మాట మింగుడు పడలేదు.

ఆయనను బిషప్పు చేయవలెనను ప్రతిపాదన వచ్చినపుడు అభ్యంతరములు రెండు విధములుగ లేచినవి. మొదటిది న్యాయశాస్త్రసంబంధి: బ్రిటిషు పాలితప్రాంతములలో బిషప్పు నియామకము రాజాధికారముతో ముడివడినది. డోర్నకల్ నిజాము రాజ్యమున నుండుటచేత ఆ చిక్కు కొంత సడలినది. రెండవది మనస్తత్వసంబంధి: తెల్లవారు నల్లవాని అధికారమునకు లోబడుదురా? పశ్చిమాఫ్రికాలో 1864లో బిషప్పైన శామ్యూలు క్రౌథరు ఉదాహరణము అప్పటికి మరుగున పడలేదు. యోరుబా భాషలోనికి బైబిలును అనువదించిన ఆ వృద్ధుని యధికారమును చివరిదినములలో యువ మిషనరీలు హరించిరి. 1891లో ఆయన మరణింపగా ఆ స్థానమున ఇంగ్లీషువానినే నియమించిరి. అదే గతి డోర్నకల్‌కును పట్టునేమో యను సంశయము నిరాధారము కాదు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెంట్ పాల్ దేవాలయమున అజరయ్యకు అభిషేకము జరిగినది. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయు డాయనయే. మొదట ఆయన మండలము చిన్నది. 1920వ దశకపు ఆరంభమున మద్రాసు పీఠమునకు చెందిన తెలుగుప్రాంతములు కలియగా అది విశాలమైనది. అప్పుడు గాని అసలు పరీక్ష రాలేదు. ఇంగ్లీషు మిషనరీలు భారతీయుని అధ్యక్షత క్రింద పనిచేయవలసి వచ్చినది. పని ఆగలేదు, మండలపు క్రైస్తవుల సంఖ్య కాలక్రమమున రెండులక్షలు దాటినది. అయినను 1945 జనవరి 1వ తేదీన ఆయన కన్నుమూయువరకు మండలాధిపతియైన భారతీయ ఆంగ్లికను బిషప్పు మఱియొకడు లేడు. ఒక్కడు గెలిచినంతమాత్రమున ద్వారము తెఱచుకొనలేదని దీనివలన తెలియుచున్నది.

ఆయన అధ్యక్షతను నిరూపించు శిలాశాసనము డోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయము. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమున గుమ్మటములు, మీనారులు ముస్లిము వాస్తువునుండియు, మండపపు స్తంభములు హిందూదేవాలయమునుండియు గ్రహింపబడినవి. పరాయి వస్తువును స్వభాషలో చెప్పుట ఎట్లో అనువాదకులు ఎఱుగుదురు. ఆ దేవాలయము రాతిలో చేసిన అనువాదము.

అజరయ్య మార్గము వివాదరహితము కాదు. 1930వ దశకమున సామూహిక మతాంతీకరణమును గాంధీజీ తీవ్రముగ విమర్శించెను. దరిద్రులకు మతము మారుటలో నిజమైన స్వేచ్ఛ యున్నదా యని ఆయన ప్రశ్న. పల్లె పేదకు తన మార్గమును తాను ఎన్నుకొను వివేకము లేదనుట అతనిని మఱల కించపఱచుటయే యని అజరయ్య పక్షము. ఇరువురును దేశభక్తులే. 1932లో మతముల వారీగ ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించినపుడు క్రైస్తవులకు అవి అక్కరలేదని అజరయ్య వాదించెను. సంఘము రాజకీయవర్గముగ మారరాదని ఆయన కోరిక.

ఆయన జీవితకాలమున ఫలింపని స్వప్నము సంఘైక్యము. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన ఆ సంప్రదింపులు 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘస్థాపనతో ముగిసినవి. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలులు ఒక్కటైరి. బిషప్పు లెన్నడు నెఱుగని మెథడిస్టులు 1924లో మెదకులో కట్టిన మహాదేవాలయము ఇప్పుడు బిషప్పు పీఠమైనది. పదవి నిలిచినది గాని స్వభావము మారినది. సభలు, సమితులు దానికి హద్దులైనవి. బిరుదములోని విభక్తి కూడ మారినది: ‘డోర్నకల్ యొక్క బిషప్పు’ అనక ‘డోర్నకల్‌లో బిషప్పు’ అని ఇంగ్లీషున వ్రాయసాగిరి. షష్ఠి పోయి సప్తమి వచ్చినది. స్వామిత్వము పోయి సహవాసము వచ్చినది.

ఆ ఐక్యమున అందఱును చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పలువురు వెలుపలనే నిలిచి, 1975లో గాని దక్షిణ ఇండియా సంఘమున కలియలేదు. ఆలస్యముగ వచ్చిన ఆ నంద్యాలయే 2013లో ఎవరును ఊహింపని పని చేసినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత అక్కడ బిషప్పుగ అభిషిక్తురాలైనది. దక్షిణ ఇండియా సంఘమున ఆ పదవి నధిష్ఠించిన మొదటి స్త్రీ ఆమె.

నూఱేండ్ల క్రిందట ‘అధ్యక్షుడు’ అను మాటకు తెల్లని ముఖమే స్ఫురించెడిది. డోర్నకల్ దానిని గోధుమవర్ణమునకు మార్చినది. నంద్యాల దాని చివరనున్న పుంలింగ ప్రత్యయమునే మార్చి ‘అధ్యక్షురాలు’ అనిపించినది. నిఘంటువులో ఆ మాట ముందునుండియు సాధ్యమే. దానికి మనిషి దొరకుటకే అంతకాలము పట్టినది.