ఒకే రంగుల రెండు జట్లు దిగితే: ఫుట్‌బాల్ షర్టు వెనకాల లెక్క

మా తొర్రూరులో ఒక సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెట్టిన్రు. ఫైనల్‌కు వచ్చిన రెండు జట్లవీ నీలం టీషర్టులే. ఒకే షాపులో ప్రింట్ కొట్టించుకున్నరు మరి. ఎవరు ఎవరిని పట్టుకున్నరో రిఫరీకి తెలుస్తలేదు. చివరికి ఒక జట్టోళ్లు టీషర్టులు తిరగేసి తొడుక్కున్నరు. నంబర్లు లోపలికి పోయినయ్, కానీ ఆట నడిచింది.

మనం పల్లెటూరోళ్లం కాబట్టి ఇట్లయిందనుకోకండి. 1978 ప్రపంచ కప్పులో, అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో, ఫ్రాన్స్, హంగరీ రెండూ తెల్ల షర్టులతోనే వచ్చినయ్. అప్పట్లో చాలా ఇళ్లల్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలే కదా, అందుకని ఒక జట్టు లేత రంగు, ఇంకో జట్టు ముదురు రంగు వేసుకోవాలని చూసేవాళ్లు. ఆ కబురు ఎక్కడో తారుమారైంది. అక్కడి కింబర్లీ అనే లోకల్ క్లబ్బు నుంచి ఆకుపచ్చ, తెలుపు చారల షర్టులు అడిగి తెచ్చుకుని ఫ్రాన్స్ ఆడింది. గెలిచింది కూడా, 3-1తో.

రెండో షర్టు పుట్టింది ఇందుకే. ఇంగ్లండ్ లీగ్ 1890లో ముందు ఏ రెండు క్లబ్బులూ ఒకే రంగు రిజిస్టర్ చేసుకోవద్దన్నది. క్లబ్బులు పెరిగినంక రంగులు ఎక్కడ సరిపోతయ్? అందుకని ప్రతి క్లబ్బు దగ్గర వేరే రంగు షర్టులు ఇంకో జత ఉండాలన్నరు. రంగు కలిస్తే మొదట్లో సొంత గ్రౌండోళ్లే మార్చుకునేవాళ్లు, వచ్చినోళ్లు చుట్టాలు కదా! 1921లో ఆ మర్యాద పోయి, వచ్చినోళ్లే మార్చుకోవాలన్న రూల్ వచ్చింది. కోడ్ రాసేటోళ్లకు ఒక్క మాటలో చెప్తా: రెండు వేరియబుల్స్‌కి ఒకటే పేరు పెడితే వచ్చే తలనొప్పి ఇది.

ఈ రూల్ మన హైదరాబాద్‌కు ఒకసారి బాగా కలిసొచ్చింది. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం, ఐఎస్‌ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీది పసుపు, కేరళ బ్లాస్టర్స్‌దీ పసుపే. లీగ్‌లో హైదరాబాద్ రెండో స్థానం, కేరళ నాలుగు. అందుకని కాగితం మీద హైదరాబాదే హోమ్ టీమ్. పసుపు మనోళ్లకొచ్చింది, కేరళ నలుపు వేసుకోవాల్సొచ్చింది. స్టేడియం నిండా చూస్తేనేమో పసుపు షర్టుల మలయాళీలే! వాళ్ల అభిమానుల సంఘం పేరే మంజప్పడ, అంటే పసుపు సేన. ఆ సేన అరుస్తుంటే, అదే రంగులో మనోళ్లు ఆడుతున్నరు. 68వ నిమిషంలో రాహుల్ గోల్ కొట్టి కేరళను ముందుకు తెచ్చిండు. 88లో సాహిల్ తవోరా సమం చేసిండు. పెనాల్టీల్లో కట్టిమని గోడలా నిలబడ్డడు, 3-1తో కప్పు మనది. ఇది రంగు మహిమ అని నేననను. కానీ కేరళ అభిమానికి ఆ నలుపు ఇప్పటికీ మండుతుంటది.

ఇగ డబ్బుల సంగతికొద్దాం. 1973లో అడ్మిరల్ అనే కంపెనీ లీడ్స్ యునైటెడ్‌తో ఒప్పందం చేసుకుంది. మా డిజైన్ మీరు వేసుకోండి, అవే షర్టులు పిల్లలకు మేం అమ్ముకుంటం, మీకు పైసలిస్తం అన్నది. ఈ వ్యాపారం గట్టిగ నిలబడ్డది అక్కడి నుంచే. హోమ్ షర్టును పెద్దగా మార్చలేరు, ఎర్ర జట్టు ఎర్రగానే ఉండాలె, లేకుంటే అభిమానులు ఊరుకోరు. రెండోది, మూడోదైతే ఎట్లయినా చేయొచ్చు: గులాబీ, నలుపు, జీన్స్ మీదికి బాగుండేది ఏదైనా. అందుకే రంగు కలవకపోయినా ఏటా మూడు షర్టులు దింపుతున్నరు. ఒక్కోసారి బెడిసికొడ్తది కూడా. 1996 ఏప్రిల్‌లో సౌతాంప్టన్ మీద మాంచెస్టర్ యునైటెడ్ బూడిద రంగు షర్టులతో దిగింది. సగం ఆటకే 3-0తో వెనకపడి, బ్రేక్‌లో షర్టులు మార్చేసింది. మా ఆటగాళ్లు ఒకరికొకరు కనబడతలేరని ఫెర్గూసన్ అన్నడు. అయినా 3-1తో ఓడిపోయిన్రు.

స్టార్‌ను కొంటే షర్టులమ్మి ఆ డబ్బు రాబట్టుకోవచ్చని అంటుంటరు కదా? 2018లో రొనాల్డోను యువెంటస్ 10 కోట్ల యూరోలకు కొన్నప్పుడు మా ఆఫీసు క్యాంటీన్‌లో కూడా ఇదే మాట. లెక్క చేద్దాం. షర్టు 90 యూరోలనుకోండి. ఇటలీలో పన్ను 22 శాతం, అంటే 16 యూరోలు పోయినయ్. మిగిలిన 74లో సగం షాపోడికి అనుకుందాం. కంపెనీకి 37 వస్తే, అందులో క్లబ్బుకు పది శాతం, అంటే నాలుగు యూరోల కంటే తక్కువే. ఆ నాలుగే అనుకున్నా, 10 కోట్లు రావాలంటే రెండున్నర కోట్ల షర్టులు అమ్మాలె. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. పదిమందిలో ఏడుగురు కొనాలన్నమాట, చంటిపిల్లలతో సహా!

క్లబ్బు సొంత షాపులో అమ్మితే ఇంకొంత మిగుల్తది, కాదనను. అసలు పెద్ద డబ్బు మాత్రం కంపెనీ ముందే ఒప్పుకునే మొత్తం. 2015 నుంచి పదేళ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అడిడాస్ 75 కోట్ల పౌండ్లు ఒప్పుకుంది. లివర్‌పూల్ 2020లో వేరే దారి పట్టింది: నైకీ దగ్గర ముందస్తు సొమ్ము తక్కువ తీసుకుని, అమ్మకాల్లో 20 శాతం అడిగింది. ప్రపంచమంతా అభిమానులున్నోళ్లకే ఆ ధైర్యం ఉంటది.

మరి హైదరాబాద్‌కు ఎంతమందున్నరు? 2022-23లో గచ్చిబౌలి స్టేడియానికి నేను రెండుసార్లు పోయిన. బయట రోడ్డు మీద పసుపు షర్టు మూడొందలు. కొన్న. అది డూప్లికేట్ అని తెలుసు, క్లబ్బుకు రూపాయి కూడా పోదనీ తెలుసు. ఆ ఏడు మనోళ్లు లీగ్‌లో రెండో స్థానం. తర్వాతి ఏడు జీతాలు అందలేదన్న గొడవలు, విదేశీ ఆటగాళ్లు సీజన్ నడుమనే వెళ్లిపోవుడు, 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. యజమానులు మారిన్రు. 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని. నా మూడొందలు క్లబ్బుకు పోయినా ఇది ఆగేది కాదు, పైన చేసిన లెక్కే ఆ మాట చెప్తది. అయినా ఎందుకో మనసుకు పట్టుకుంది.

ఆ షర్టు ఇప్పుడు తొర్రూరులో ఉంది. మా నాన్న పొలం పోయేటప్పుడు వేసుకుంటడు. మొన్న బస్టాండ్ దగ్గర ఎవరో అడిగిన్రట, "ఏందే, ఈ వయసుల ధోనీ ఫ్యాన్ అయినవా?" అని. నాన్న అవునన్నడట.