పాడ్యమి దొరకని ఉగాది

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఉగాది. ఇందులో తిరకాసేముందని అనిపిస్తుంది. కానీ 2026 పంచాంగంలో పరాభవ నామ సంవత్సరం మొదలయ్యే చోటే ఒక చిక్కుంది. మార్చి 19 గురువారం హైదరాబాద్‌లో సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు. అప్పటికింకా అమావాస్యే. దృక్ లెక్క ప్రకారం ఉదయం 6.52కి అమావాస్య వెళ్లి పాడ్యమి వస్తుంది. మర్నాడు తెల్లవారుజామున 4.52కల్లా పాడ్యమీ వెళ్లిపోయి విదియ తగులుతుంది. అంటే గురువారం పొద్దు పొడిచేటప్పటికి పాడ్యమి రాలేదు, శుక్రవారం పొద్దు పొడిచేటప్పటికి అది లేదు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అన్న లెక్కలో, సంవత్సరంలోని మొట్టమొదటి తిథికి తనదంటూ ఒక రోజు దక్కలేదు. దీన్నే క్షయ తిథి అంటారు. ఇలాంటప్పుడు పాడ్యమి మొదలైన రోజే పండగ కాబట్టి, అమావాస్యతో తెల్లవారిన గురువారమే ఉగాది పచ్చడి.

ఇదే పాడ్యమి న్యూయార్క్ గడియారంలో 18వ తేదీ రాత్రి 9.22కి మొదలై, 19 సాయంత్రం 7.22కి ముగుస్తుంది. మధ్యలో ఒక సూర్యోదయం నిక్షేపంగా ఉంది. అక్కడి తెలుగువాళ్ల పంచాంగంలో పాడ్యమికి ఏ లోటూ లేదు. తిథి నిడివి రెండు చోట్లా ఒకటే, 22 గంటలు. తేడా అంతా ఏ ఊళ్లో ఎప్పుడు తెల్లవారిందన్నదే.

తిథి ఆకాశానికి సంబంధించిన లెక్క. భూమి మీద నుంచి చూస్తే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం సున్నా అయిన క్షణంలో అమావాస్య ముగుస్తుంది. చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే పాడ్యమి పూర్తి, 24 డిగ్రీలకు విదియ పూర్తి, 180కి పౌర్ణమి పూర్తి. మళ్లీ 360 డిగ్రీలు నిండేసరికి 30 తిథులు, సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు గడుస్తాయి. ఆ క్షణాలు ప్రపంచమంతటికీ ఒక్కటే. అనకాపల్లికి ఒక అమావాస్య, అట్లాంటాకు మరో అమావాస్య ఉండవు.

సగటున తిథి 23 గంటల 37 నిమిషాలు. అయితే ఆ సగటుకు చంద్రుడు కట్టుబడి ఉండడు. అతని కక్ష్య కోలగా ఉంటుంది. భూమికి దగ్గరగా, అంటే దాదాపు 3,63,000 కిలోమీటర్ల దూరానికి వచ్చినప్పుడు వేగం పెరుగుతుంది. 4,05,000 కిలోమీటర్ల అవతలికి వెళ్లినప్పుడు నడక మందగిస్తుంది. అందుకే ఒక తిథి 20 గంటలకే అయిపోతే, మరొకటి 26 గంటలు దాటినా సాగుతుంది. పొట్టి తిథి రెండు సూర్యోదయాల మధ్య ఇరుక్కుంటే క్షయం. పొడుగు తిథి రెండు సూర్యోదయాలనూ తాకితే వృద్ధి; అప్పుడు వరసగా రెండు రోజులు ఒకే తిథి.

పాత సూర్యసిద్ధాంత పద్ధతి పాటించే సిద్ధాంతుల లెక్కలో తిథి 65 గడియలకు మించదు, 54కు తగ్గదు. గడియ అంటే 24 నిమిషాలు. చంద్రుడి చలనాన్ని పరిశీలించి సవరించిన దృక్ గణితంలో ఆ పరిధి ఇంకా ఎక్కువ. ఒకే వీధిలో రెండు ఇళ్లలో వేర్వేరు పంచాంగాలుంటే తిథి ముగిసే వేళ కొన్నిసార్లు గంటల తేడాతో కనిపించడానికి కారణం ఇదే. గ్రహణం మాత్రం ఎవరి పద్ధతినీ మన్నించదు, లెక్క తప్పితే అందరి కళ్లకూ కనిపిస్తుంది. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఆధునిక ఖగోళ గణితాన్నే అనుసరించమని సిఫారసు చేసింది. రాష్ట్రీయ పంచాంగం ఆ దారిలోనే నడుస్తోంది.

ఇంతవరకూ సూర్యోదయం మాటే. పండగల దగ్గరికొస్తే అది ఒక్కటే చాలదు. ఏ పూజకు ఏ వేళ ముఖ్యమో ఆ వేళకు తిథి ఉండాలి. వినాయక చవితికీ శ్రీరామనవమికీ మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి, సంకష్టహర చవితికి చంద్రోదయం. ఈ నిర్ణయాల కోసం పండితులు తిరగేసేవి ముఖ్యంగా రెండు గ్రంథాలు: 1612 నాటి కమలాకర భట్టు నిర్ణయసింధువు, 1790 నాటి కాశీనాథ ఉపాధ్యాయుడి ధర్మసింధువు.

2024 దీపావళికి దేశమంతటా జరిగిన చర్చ అందరికీ గుర్తుండే ఉంటుంది. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి, నవంబరు 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. మొదటి రోజు ప్రదోషమంతా అమావాస్యే. రెండో రోజు సూర్యాస్తమయం తర్వాత కూడా కాస్త మిగిలింది. ఆ కాస్త ఎంత? ముంబయిలో ఆ రోజు ఆరు దాటాక గానీ పొద్దుగుంకదు కాబట్టి పట్టుమని పావుగంట కూడా లేదు. హైదరాబాద్‌లో అరగంట పైచిలుకు. ఐదింటికే చీకటి పడే కోల్‌కతాలో గంటకు పైగా. సూర్యుడు అస్తమించాక కనీసం ఒక గడియ అమావాస్య ఉంటే రెండో రోజే పండగ అన్నది ఒక పక్షం. అర్ధరాత్రి కూడా అమావాస్య ఉన్న రోజే లక్ష్మీపూజకు తగినదని మరో పక్షం. తెలుగు రాష్ట్రాల్లో 31నే టపాసులు పేలాయి. అలాగని నవంబరు 1 అన్నవాళ్లకు లెక్క రాదనుకుంటే పొరపాటే. లెక్క ఇద్దరిదీ ఒకటే, తేడా వచ్చింది ఏ నియమానికి పెద్దపీట వేయాలన్న దగ్గర.

ఉపవాసాల్లో ఇంత తర్కం ఏకాదశి చుట్టూనే అల్లుకుంది. స్మార్తులకు సూర్యోదయానికి ఏకాదశి ఉంటే సాధారణంగా సరిపోతుంది. వైష్ణవులు అంతకు నాలుగు గడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు వచ్చే అరుణోదయాన్ని చూస్తారు. సూర్యోదయం ఆరింటికి, దశమి ముగిసేది 5.10కి అనుకుందాం. అరుణోదయం 4.24కే కాబట్టి ఆ వేళను దశమి తాకింది. స్మార్తుల ఇంట్లో ఆ రోజే ఉపవాసం. వైష్ణవుల ఇంట్లో ఆ రోజు మామూలుగానే పొయ్యి వెలుగుతుంది, ఉపవాసం మర్నాటికి జరుగుతుంది. ఇలాంటి పేచీ లేని రోజున పంచాంగంలో ‘సర్వేషాం ఏకాదశి’ అనో ‘మతత్రయ ఏకాదశి’ అనో అచ్చు వేస్తారు. ఉపవాసం విరమించే పారణ కూడా ద్వాదశి గడియల్లోనే జరగాలి కాబట్టి, ద్వాదశి పొద్దున్నే వెళ్లిపోయే రోజున వంటింట్లో తెల్లవారకముందే హడావుడి. కార్తీక సోమవారం నక్తం ఉండేవాళ్లకు ఈ తంటా లేదు. చుక్క కనబడితే చాలు, భోజనానికి కూర్చోవచ్చు.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఈ లోటును సవరించకుండా వదిలేసిన ఇస్లామిక్ కేలండర్‌లో రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. తెలుగువాళ్ల లెక్కలో సూర్యుడు రాశి మారని చాంద్రమాసం అధికమాసమవుతుంది. సుమారు రెండున్నరేళ్లకు పైబడి ఒకటి, 19 ఏళ్లలో ఏడు. వినాయక చవితి 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడటంతో సెప్టెంబరు 14కి వెళ్లింది. అధికమాసాలే లేకపోతే వరలక్ష్మీ వ్రతం ఎప్పటికో ఎండాకాలంలో పడేది.

సూర్యుణ్నీ చంద్రుణ్నీ కలిపి పట్టుకున్న పండగ ముక్కోటి, అంటే వైకుంఠ ఏకాదశి. ధనుర్మాసం సౌరమానం, అందులో శుక్ల ఏకాదశి చాంద్రమానం. ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలై జనవరి మధ్యకు ముగుస్తుంది కాబట్టి, ఆ ఏకాదశి ఇంగ్లిష్ సంవత్సరానికి అటో ఇటో పడుతుంది. 2023 డిసెంబరు 23 తర్వాత తిరుమలలో వైకుంఠ ఏకాదశి మళ్లీ వచ్చింది 2025 జనవరి 10న. మధ్యలో 2024 మొత్తానికీ ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చినట్టు 2025లోనే డిసెంబరు 30న రెండోసారి వచ్చింది.