ఛాయాచిత్రకళ: యంత్రమా, దృష్టియా?

మంచి ఛాయాచిత్రమొకటి కంటబడగానే మనలో చాలామంది వేసే మొదటి ప్రశ్న "ఇది ఏ కెమెరాతో తీశారు?" అన్నది. చక్కని పద్యం విన్నవారెవరూ కవిగారి కలం ఏ కంపెనీదని అడుగరు. ఈ తేడాను ఎత్తి చూపి, కెమెరాతో పనిలేదు, కావలసినది కళాదృష్టి మాత్రమేనని తీర్పు చెప్పేవారు కలరు. వినడానికి ఇంపుగానే ఉన్నది గాని ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. కలం లేకున్నా పద్యం పుడుతుంది. అక్షరం ముక్క రాని మన పల్లెపడుచులు ఎన్ని పాటలు కట్టలేదు! కెమెరా లేనిదే ఛాయాచిత్రం లేదు. ఇది యంత్రంతో పుట్టిన కళ. కావున ఇందులో యంత్రం పాలెంత, మనిషి పాలెంత అని విచారించుట అవసరమే.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల విద్యార్థులకు ఇది కాలక్షేపపు చర్చ కాదు. వానను నమ్ముకొన్న సేద్యం మీద, పలకల పని మీద, చిల్లర వర్తకం మీద బ్రతికే కుటుంబాలు మనవి. కటకాలు మార్చుకొనే వీలున్న కెమెరా ఒకటి కొనడమంటే అటువంటి ఇంట ఒక పంట డబ్బును పణంగా పెట్టడమే. అప్పు చేసి కొని, అది అలమారలో ఉండగా వడ్డీ కట్టేవారు ఒక తెగ. మంచి కెమెరా వచ్చిన తరువాత చూద్దామని సంవత్సరాలు గడిపేవారు ఇంకొక తెగ. రెండవ తెగ వలన కలిగే నష్టమే పెద్దది. ఎందుకో తరువాత చెబుతాను.

మన దేశపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడైన రాజా దీన్‌దయాళ్ జీవితాన్ని ఒకసారి పరిశీలిద్దాం. ఆయన 1844లో మీరట్ సమీపమున ఉన్న సర్ధనలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రభుత్వ మరామతుల శాఖలో చేరారు. అక్కడ నక్షాలు గీయుట వారి వృత్తి. 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళ వైపు తిరిగారు. మధ్య భారతంలోని ప్రాచీన కట్టడాలను ఆయన తీసిన చిత్రాలతో సర్ లెపెల్ గ్రిఫిన్ 1886లో ఒక గ్రంథం వెలువరించారు. ఆ దశాబ్దంలోనే ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదులో స్టూడియో స్థాపించారు. 1905లో కన్నుమూసేవరకు హైదరాబాదు రాజ్య వైభవమంతా ఆయన కటకం ముందు నిలిచినదే.

ఆయన పని నేర్చుకొన్న రోజులలో వాడుకలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు చీకటిలో మందు పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, చిత్రం తీసి, ఆరిపోకముందే కడగాలి. ఉన్న వ్యవధి పది పదిహేను నిమిషాలు. కావున ఛాయాచిత్రకారుడు ఎక్కడికి పోయినా చీకటి గుడారం, మందుల సీసాలు, నీళ్ళు వెంట పోవలసిందే. చిత్రాన్ని పెద్దదిగా అచ్చువేసే సదుపాయం నాడు సులభం కాదు. ఎంత చిత్రం కావాలంటే అంత గాజు పలక మోయాలి. (మనకు పలక అనగానే నల్లరాతి పలక తోస్తుంది. ఆయన పలక గాజుది. వ్రాత మాత్రం రెండింటి మీదా జరిగింది!) ఒక పలక చెడితే డబ్బూ, పూటా రెండూ పోయినట్లే. కనుక పలక పెట్టకముందే చిత్రమంతా మనస్సులో సిద్ధం కావాలి. ఏ స్తంభం నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో, మనిషిని ఎక్కడ నిలబెడితే గోపురం ఎత్తు తెలుస్తుందో ముందే నిర్ణయించాలి. ఆ నిర్ణయశక్తి ఆయనకు ఆకాశం నుండి ఊడిపడలేదు. కట్టడాలను కొలిచి, గీచి, గీచి అలవాటైన కన్ను అది. దృష్టి పుట్టుకతో వచ్చే వరమనీ, యంత్రం మాత్రమే కొనుక్కొనేదనీ అనుకొనుట పొరపాటు. దృష్టి కూడ సంపాదించుకొనేదే. దాని వెల వేరే నాణెంలో ఉంటుంది.

1894లో నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అన్న బిరుదమిచ్చారు. ఉర్దూ చదివే మిత్రులకు ఇందులోని విశేషం వెంటనే స్ఫురిస్తుంది. ఛాయాచిత్రం తీసేవానికి ఉర్దూలో 'అక్కాస్' అన్న మాట ఉన్నది. 'అక్స్' అనగా ప్రతిబింబం, దానిని పట్టేవాడు అక్కాస్. 'ముసవ్విర్' అనగా రూపమిచ్చేవాడు, చిత్రకారుడు. తెలుగులో మనం అనే 'ఛాయాగ్రాహకుడు' అక్కాస్‌కు దగ్గర. అతడు నీడను పట్టుకొంటాడు, అంతే. ప్రభువు ఎంచుకొన్నది రెండవ మాట. నా ఉద్దేశంలో మన చర్చ అంతా ఈ రెండు మాటల మధ్యనే ఉన్నది.

యంత్రానికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వకపోవుట అన్యాయం. మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయ గోపురాన్ని దగ్గర నుండి, ఫోనును పైకెత్తి తీయండి. గోపురం వెనుకకు వాలినట్లు పడుతుంది. దీన్‌దయాళ్ నాటి కొయ్య కెమెరాలలో వెనుక గాజు పలకను నిటారుగా ఉంచి, ముందరి కటకాన్ని మాత్రం పైకి జరిపే ఏర్పాటు ఉండేది. అందుచేత ఆ కాలపు చిత్రాలలో గోడలు నిలువుగా నిలిచాయి. అది లేని మనం దూరంగా జరగాలి, లేదా ఎదుటి మేడ ఎక్కాలి. పెళ్ళి పందిట్లో రాత్రివేళ తలంబ్రాలు తీసి జీవించే వృత్తివానికి చీకటిలో పనిచేసే కెమెరా, వెలుగునిచ్చే దీపాలు అన్నమంత అవసరం. ఆయనను దృష్టి ఉంటే చాలునని ఊరడించుట పరిహాసమే.

నల్లమల సంగతి మరీ విచిత్రం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులులను లెక్కించుటకు చెట్లకు కట్టిన కెమెరాలు వాటంతటవే చిత్రాలు తీస్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఒకే పులికి సైతం కుడి పక్క చారలు ఎడమ పక్క వాటితో కలియవు. అందుకే కెమెరాలను బాటకు ఇరువైపులా జంటగా కడతారు. మీట నొక్కే మనిషే అక్కడ లేడు. కాని పులి ఏ బాటన నడుస్తుందో, ఏ వాగు దగ్గర ఆగుతుందో కెమెరాకు తెలియదు. ఆ అడుగుజాడలు చదవగలిగినవారు అడవి సిబ్బంది, వారితో కలిసి పనిచేసే చెంచులు. మీట నొక్కని కెమెరాకు కూడ చూపు ఒకరు అరువివ్వవలసి వచ్చింది.

యంత్రం లెక్క తప్పే చోటు కూడ మన ఊరిలోనే ఉన్నది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ప్రతి దృశ్యమూ నడిమిరకపు బూడిద రంగులో ఉన్నదని భావించి లెక్క కడుతుంది. నల్లని పలకల దొంతరను దాని ముందు పెడితే, ఇదేదో చీకటిగా ఉన్నదని భ్రమించి వెలుగును ఎక్కువగా రానిస్తుంది. మన నల్ల పలక చిత్రంలో వెలిసిన బూడిదముద్ద అవుతుంది. సున్నం కొట్టిన తెల్లగోడకు దీనికి విపర్యయం. అది మాసినట్లు పడుతుంది. ఎంత ఖరీదైన మీటరైనా పుట్టుకతో ఈ స్వభావం కలదే. పలక నలుపు ఎంతో ఎరిగినవాడు వెలుగును తగ్గిస్తాడు. నేటి ఫోనులో కూడ తెరపై పలక ఉన్నచోట వ్రేలు ఆనించి వెలుగును క్రిందికి దింపే వీలున్నది. ఇంతకు మించిన రహస్యం లేదు.

ఇక పలక కోసే చోట లేచే ధూళి. సిలికా కలిసిన రాతిధూళి ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు పాడవుతాయన్నది వైద్యులు ఎరిగిన విషయమే. ఈ ధూళిని ఫ్లాష్ వెలిగించి ఎదురుగా తీస్తే, దగ్గరి రేణువులు నాలుగు తెల్లచుక్కలుగా మెరిసి, మిగిలినదంతా మాయమవుతుంది. చిత్రంలో కూలివాడు శుభ్రమైన గాలిలో నవ్వుతూ కనబడతాడు. అదే కెమెరాతో అవతలి పక్కకు పోయి, తలుపు నుండి వచ్చే ఎండ ధూళి వెనుక నుండి మన వైపు పడేటట్లు, దాని వెనుక నల్లని గోడ ఉండేటట్లు నిలబడి తీయండి. మనిషి చుట్టూ పొగవలె లేచిన ధూళి కళ్ళకు కడుతుంది. ఒకే యంత్రం, ఒకే గది, ఒకే నిమిషం. ఒక చిత్రం లేదన్నది, ఒకటి ఉన్నదన్నది. తేడా నాలుగడుగుల నడక. ఆ నాలుగడుగులు వేయించినది కళాతృష్ణ అనండి, తోటిమనిషి మీది అక్కర అనండి, నాకు అభ్యంతరం లేదు.

పరికరపు లోపమే చూపును పదునుపెట్టిన ఉదాహరణ మనకందరికీ పరిచితమైనదే. 'మాయాబజార్' 1957లో విడుదలైనది. నిజమైన వెన్నెలను పట్టగల ఫిల్ము ఆనాడు లేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దీపాలతోనే వెన్నెలను కల్పించాడు. నేటి ఫోను నిజమైన వెన్నెలలోనే చిత్రం తీస్తుంది. చాలా చిత్రాలలో అది మబ్బుపట్టిన పగలుగా కనబడుతుంది.

యంత్రం, దృష్టి అన్న ఈ జంట ప్రశ్నలో మూడవది ఒకటి మరుగున పడుతున్నదని నా అభిప్రాయం. మళ్ళీ దీన్‌దయాళ్ వద్దకే పోదాం. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అప్పటికి ఆయనకు ఉత్తమమైన కెమెరాలున్నవి, దేశమెరిగిన దృష్టి ఉన్నది. అయినను పరదా పాటించే కుటుంబాల స్త్రీలను తీయుటకు ఆ రెండూ చాలలేదు. ఆ స్టూడియోను కెనీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. అక్కడ తలుపు తెరిచినది కటకమూ కాదు, కళాదృష్టీ కాదు. తీసేవారు స్త్రీ అన్న నమ్మకం.

ఈ నమ్మకమే మన విద్యార్థుల చేతిలోని అసలు ఆస్తి. పెద్ద నగరం నుండి లక్షల రూపాయల సామగ్రితో వచ్చిన వ్యక్తికి మన వీధులలో దొరికేది గుమ్మం దాకా ప్రవేశం. వంటింట్లో నానమ్మ పక్కన కూర్చుండే మనుమరాలి సాధారణ ఫోనుకు ఆమె రొట్టె వత్తే చేతులు దొరుకుతాయి. ఫ్లోరైడు నీటితో పళ్ళు గారపట్టిన వృద్ధుడు అపరిచితుని ఎదుట నోరు మూసుకొంటాడు, మేనల్లుని ఎదుట మనసారా నవ్వుతాడు. ఉలి వాటం చూచి రాతిని పొరలుగా చీల్చే పనివారిలో పెద్దతరం తరిగిపోతున్నది. బడిపిల్లల చేతిలోని రాతిపలక స్థానంలో నోటు పుస్తకాలు వచ్చి చాలాకాలమైనది. వెలిగొండ జలాశయంలో మునగవలసిన ఊళ్ళలో అరుగులున్నవి, రచ్చచెట్లున్నవి, గోరీలున్నవి. వాయిదా వేసేవారి వలన పెద్ద నష్టమన్నది ఇందుకే. కెమెరా వచ్చే ఏడాదైనా కొనవచ్చును. నీరు నిండిన తరువాత ఊరిని తీయలేము.

తీసినదానిని నిలుపుకొనుట గూర్చి ఒక్కమాట. దీన్‌దయాళ్ స్టూడియోలో గాజు పలకలకు సంఖ్యలు వేసే పద్ధతి ఉండేది. ఆయన పోయిన ఎనభైనాలుగు ఏళ్ళకు, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచింది. మన ఫోను జారిపడి పగిలితే మూడేళ్ళ చిత్రాలు పోతున్నాయి. నెలకు పది చిత్రాలనైనా ఎంచి, కాగితం మీద అచ్చువేయించి, వెనుక ఊరు, తేదీ, మనిషి పేరు, అతని పని, మెత్తని పెన్సిలుతో వ్రాసిపెట్టుకోవాలి. తెలుగులో వ్రాసినా సరే, ఉర్దూలో వ్రాసినా సరే.