అచ్చుకు ముందు నలుగురి చెవిన

పామిడి: కొత్త చొక్కాను పూర్తిగా కుట్టేయక ముందే పైపైన కుట్టు వేసి, ఒంటికి తొడిగి, చంకలో పట్టేస్తున్నదో, భుజం దగ్గర జారుతున్నదో చూసుకోవడం మంచి దర్జీ పద్ధతి. బట్టల వ్యాపారానికి, కుట్టుపనికి పేరుపడ్డ పామిడిలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. కథో, కవితో రాసే ఔత్సాహికులు మాత్రం చాలామంది ఆ జాగ్రత్త తీసుకోరు. రాత్రి రాసింది తెల్లవారేసరికి పత్రికకు పంపేస్తారు. అచ్చు కాకపోతే, ఎందుకు కాలేదో చెప్పే నాథుడుండడు.

నలుగురైదుగురు నెలకొకసారి ఒకచోట కూర్చుని, ఇంకా అచ్చుకు వెళ్లని రచనను చదివి బాగోగులు మాట్లాడుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. రాసినవాడు కాగితం మీద లేనిదాన్ని కూడా చదువుకుంటాడు. మనసులో ఉన్నదంతా అక్షరాల్లోకి దిగిందనుకుంటాడు. వినేవాడికి కాగితం మీద ఉన్నదే దిక్కు.

కరువు మీద కథ రాసిన యువకుడొకడు, భాద్రపదంలో వాన పడగానే రైతు సంబరంగా వేరుశనగ విత్తాడని రాశాడనుకుందాం. వినేవారిలో సేద్యం తెలిసినవాడు ఒక్కడుంటే చాలు. ఈ సీమలో వానాధారపు పంట జూన్, జూలై నెలల్లో విత్తాలని, భాద్రపదానికి చేనులో ఊడలు దిగి కాయ ఊరుతుండాలని, సరిగ్గా అప్పుడు వాన మొహం చాటేస్తేనే రైతు మునుగుతాడని చెప్తాడు. దీంతో తప్పు దొరకడమే కాదు, కథే దొరుకుతుంది. పైన పచ్చగా ఉన్న చెట్టును పీకి చూస్తే కింద కాయ ఉండదు. ఎక్కడో దూరాన కూర్చున్న సంపాదకుడికి ఈ సంగతి తట్టకపోవచ్చు.

నాగలా, మడకా?

భాష విషయమూ ఇంతే. ఇక్కడి రైతు మడక అంటాడు. రాసేటప్పుడు బెరుకుతో దాన్ని నాగలి అని దిద్దుకునేవారున్నారు. సొంత ఊరివారి నడుమ చదివితే ఆ బెరుకు పోతుంది. యాస పేరిట ప్రతి మాటనూ వంకర తిప్పి రాసే అలవాటు కూడా అక్కడే నవ్వులపాలై మానుతుంది. సీమ పలుకుబడికి సాహిత్యంలో చోటులేదన్న భయం అక్కరలేదు. ఈ జిల్లాకు చెందిన బండి నారాయణస్వామి నవల 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పామిడిని ఒరుసుకుని పారే పెన్న మీద (నీటికంటే ఇసుకే ఎక్కువ కనబడుతుందనుకోండి) 'పెన్నేటి పాట' రాసిన విద్వాన్ విశ్వం తరిమెలలో పుట్టినవారే.

రచయితలు ఇలా ఒకచోట చేరడం తెలుగునాట కొత్త కాదు. 1920లలో తల్లావఝల శివశంకరశాస్త్రి సభాపతిగా ఉన్న సాహితీ సమితిలో చింతా దీక్షితులు, నండూరి సుబ్బారావు, నోరి నరసింహశాస్త్రి వంటివారు సభ్యులు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 1930, 40లలో టోల్కీన్, లూయిస్ తదితరులు వారంవారం కలిసి రాతప్రతులు చదువుకునేవారు. 1954, 55లలో వెలువడిన టోల్కీన్ పెద్ద నవల ముందుగా అక్కడే మిత్రుల చెవిన పడింది. విని విసుక్కున్నవారూ ఉన్నారు, మళ్లీమళ్లీ చదివించి పూర్తి చేయించినవారూ ఉన్నారు.

అయితే ఒక చిక్కుంది. మన ఊళ్లలో సభ అంటే శాలువా, పూలదండ, మూడు గంటల పొగడ్త. పొగడడానికే కూర్చునేదైతే ఆ కూడిక లేకపోయినా నష్టం లేదు. తిట్టడానికే వచ్చేవాడు ఒకడుంటే కొత్తగా రాసే ఆడపిల్లలు, కుర్రవాళ్లు రెండోసారి రారు. బాగాలేదు అని ఊరుకోకుండా, ఏ వాక్యం దగ్గర వినడం ఆగిపోయిందో వేలుపెట్టి చూపాలి. అన్నిటికంటే కష్టమైన నియమం చదివినవారికి: అందరూ చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపరాదు. "నా ఉద్దేశం అది కాదండీ" అని సంజాయిషీ మొదలుపెడితే ఆ పూట అక్కడితో సరి. పుస్తకం పట్టుకుని పాఠకుల ఇంటింటికీ వెళ్లి చెప్పుకోలేరు కదా!

దీనికి భవనం, బ్యానరు, అధ్యక్ష కార్యదర్శుల ఎన్నిక అవసరం లేదు. ఆదివారం ఖాళీగా ఉండే బడి వరండా చాలు. ఖర్చంటారా, జిరాక్సు కాగితాలు, తలా ఒక టీ.