గాలి పరచిన నేల

నదులు తెచ్చిపోసిన ఒండ్రునేలలు మనం ఎరిగినవే. రాళ్లు శిథిలమై ఏర్పడిన నల్లరేగడీ మనకు కొత్త కాదు. అయితే గాలి మోసుకువచ్చిన ధూళితోనే ఒక విశాల భూభాగం ఏర్పడిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఉత్తర చైనాలోని లోయస్ పీఠభూమి అటువంటిది. దీని వైశాల్యం సుమారు 6 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండూ కలిపినా ఇందులో సగం కావు.

లోయస్ అనేది జర్మను మాట. వదులైనదని దాని అర్థం. చైనీయులు దీనిని ‘హువాంగ్‌టు’, అంటే పసుపుమట్టి అంటారు. సుమారు 25 లక్షల సంవత్సరాలుగా వాయవ్యపు గాలులు గోబీ మొదలైన ఎడారుల నుండి ధూళిని తెచ్చి ఇక్కడ పరుస్తున్నాయి. ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ దగ్గరగాను, పొట్టు దూరంగాను పడుతుంది కదా! ఇక్కడ జరిగిందీ అదే. బరువైన రేణువులు ముందుగా రాలడంచేత వాయవ్యాన మట్టి గరుకుగా ఉంటుంది. ఆగ్నేయానికి పోయినకొద్దీ మెత్తబడుతుంది. లాన్‌జౌ నగర ప్రాంతంలో ఈ మట్టి మందం 300 మీటర్లకు పైమాటే.

ఈ మట్టి గుణం విచిత్రమైనది. ఇందులోని సున్నపు పదార్థం రేణువులను పట్టి ఉంచుతుంది. కనుక పొడిగా ఉన్నంతకాలం నిలువునా కోసినా గోడవలె నిలుస్తుంది. నీరు తగిలిందా, ఆ పట్టు సడలి జారిపోతుంది. దున్నడానికి తేలిక, ఖనిజ లవణాలకు లోటు లేదు. నేడు మన మెట్టపొలాలలో పండే కొర్రలు వేల ఏండ్ల క్రితం తొలుత ఉత్తర చైనాలోనే సాగులోకి వచ్చాయి.

నిలువుగట్లను తొలిచి జనం గుహలవంటి ఇండ్లు కట్టుకొన్నారు. అవి చలికాలంలో వెచ్చగాను, వేసవిలో చల్లగాను ఉంటాయి. కాని భూమి కదిలితే అవే ప్రాణాంతకాలు. 1556లో షెన్సీ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో ఇటువంటి ఇండ్లు అసంఖ్యాకంగా కూలాయి. ఆ ఉత్పాతంలో 8 లక్షల 30 వేలమంది మరణించారని చైనా చరిత్రలు చెబుతున్నాయి.

వాన పడే తీరును బట్టే ఇక్కడి వృక్షజాలం. వాన ఎక్కువగా పడే ఆగ్నేయాన ఆకురాల్చు అడవులు, నడుమ గడ్డిమైదానాలు, వాయవ్యాన మాచిపత్రి జాతి మొక్కలు, ముళ్లపొదలు కనిపిస్తాయి. రేగుచెట్లు కూడా విరివిగా పెరుగుతాయి.

అడవులు నరికి, ఏటవాలు నేలలు దున్నడంవల్ల వేసవి వానలకు మట్టి కోసుకుపోయింది. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో పసుపునది ఏటా సుమారు 160 కోట్ల టన్నుల మట్టిని మోసుకుపోయేది. నదికి ఆ పేరు రావడానికి కారణం ఈ మట్టే. మెట్లపొలాలు, గండ్లకు అడ్డుకట్టలు, నదిపై ఆనకట్టలు, 1999లో మొదలైన పచ్చదనపు పథకం కలిసి ఆ మట్టిని ఇప్పుడు ఐదోవంతుకు తగ్గించాయి.

అయితే చెట్లన్నీ ఒక తీరువి కావు. వాన చాలని చోట్ల నాటిన పాప్లర్ చెట్లు లోతుమట్టిలోని తడిని కూడా పీల్చివేసి, ఎదుగుదల లేక గిడసబారిపోయాయి. అక్కడివారు వాటిని ‘చిన్న ముసలిచెట్లు’ అంటారు. అటువంటి పొడినేలలకు చెట్లకంటె స్థానికమైన గడ్డి, పొదలే నప్పుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.