కంప్యూటర్ క్రీడల పునఃస్థాపన – సాధించిన పురోగతి రక్షణ

మానవుడు చేసే ప్రతి శ్రమలోను రెండు భాగాలు ఉంటాయి. ఒకటి పనిముట్టు, రెండవది ఆ పనిముట్టుతో సాధించిన ఫలం. నాగలి విరిగితే వడ్రంగి మరొకటి చేసి యిస్తాడు. కల్లంలో ధాన్యం వరదపాలైతే దానిని తిరిగి ఇవ్వగలవాడు లేడు. ఈ భేదాన్ని గుర్తించని వాడు పనిముట్టును కాపాడుకొని ఫలాన్ని పోగొట్టుకుంటాడు. కంప్యూటరు ముందు కూర్చునే మన విద్యార్థులలో పలువురికి ఈ అనుభవం మొదట ఎదురయ్యేది చదువులో కాదు, ఆటలో.

ఆట చెడిపోయింది, లేదా యంత్రంలో చోటు చాలలేదు. దానిని తొలగించి మరల స్థాపించగానే తెర మీద ఆట మొదటి అంకం నుండి ఆరంభమవుతుంది. నెలల తరబడి గెలిచిన ఘట్టాలు, కూడబెట్టిన సంపద, తెరచుకొన్న దారులు అన్నీ మాయమై ఉంటాయి. ఇది విధివశం కాదు. ముందుగా పదినిమిషాలు వెచ్చిస్తే చాలవరకు తప్పించుకొనదగిన నష్టం. ఆ విధానాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆటల ప్రసంగం కళాశాల సంచికలో ఎందుకని పెద్దలు ప్రశ్నించవచ్చును. ఇందలి పాఠం ఆటతో ఆగేది కాదని వ్యాసం చివర వారే గ్రహింపగలరు.

తెలుగులో మనం 'భద్రపరచుట' అంటాము. ఉర్దూలో 'మహ్‌ఫూజ్ కర్‌నా' అంటారు. ఖురాన్‌ను కంఠస్థం చేసిన వారిని పిలిచే 'హాఫిజ్' అనే మాట, కాపుదల అనే అర్థంగల 'హిఫాజత్' అనే మాట, ఈ 'మహ్‌ఫూజ్' అనే మాట, మూడూ ఒకే అరబీ ధాతువు నుండి పుట్టినవి. జ్ఞాపకం ఉంచుకొనుట, కాపాడుట అనేవి రెండూ ఒక్కటేనని ఆ భాష ఏనాడో చెప్పింది. కంప్యూటరు విషయంలో అది అక్షరాలా నిజం.

ఆట వేరు, ఆటగాని పురోగతి వేరు

పాఠ్యపుస్తకం అచ్చులో వేలాది ప్రతులుగా ఉంటుంది. ఒక ప్రతి పోతే మరొకటి కొనవచ్చును. విద్యార్థి తన చేతితో వ్రాసుకొన్న నోటుపుస్తకం ఒకే ఒక్కటి. కంప్యూటరు ఆటలో ప్రోగ్రాము పాఠ్యపుస్తకం వంటిది. 'సేవ్ ఫైలు' నోటుపుస్తకం వంటిది. నేటి పెద్ద ఆటలు పదుల గిగాబైట్ల చోటును ఆక్రమిస్తాయి. వాటి సేవ్ ఫైళ్లు తరచుగా కొన్ని కిలోబైట్లు, లేదా కొన్ని మెగాబైట్లు మాత్రమే. చిత్రాలు, శబ్దాలు, నగరాలు, వాహనాలు ప్రోగ్రాములోనే ఉంటాయి. ఆటగాడు ఎక్కడ ఆగాడు, ఏ ఘట్టం పూర్తి చేశాడు, అతని వద్ద ఏమి ఉన్నది అనే లెక్క మాత్రమే సేవ్ ఫైలులో ఉంటుంది. పెద్దది తేలికగా మరల దొరుకుతుంది. చిన్నది పోతే మరల దొరకదు.

తొలినాళ్లలో అనేక ఆటలకు జ్ఞాపకమే లేదు. కొన్ని ఆటలు ఘట్టం ముగిసినప్పుడు ఒక సంకేత పదాన్ని చూపేవి. ఆటగాడు దానిని కాగితంపై వ్రాసుకొని, మరునాడు మరల టైపు చేసి అక్కడి నుండి సాగేవాడు. 1987లో అమెరికాలో విడుదలైన 'లెజెండ్ ఆఫ్ జెల్డా' ఆట క్యాసెట్టులో చిన్న బ్యాటరీని అమర్చి పురోగతిని నిలిపారు. ఆ బ్యాటరీ క్షీణిస్తే పురోగతీ పోయేది. 1994లో వచ్చిన ప్లేస్టేషన్ యంత్రానికి 128 కిలోబైట్ల మెమరీ కార్డు విడిగా ఉండేది. ఆట డిస్కు ఒకచోట, ఆర్జించినది మరొకచోట ఉండడం ఆ కాలపు పిల్లలకు కంటికి కనబడేది. కంప్యూటరులో రెండూ ఒకే పెట్టెలో చేరినందున ఆ భేదం కంటికి మరుగైంది. చిక్కు అక్కడే మొదలైంది.

సేవ్ ఫైలు ఎక్కడ ఉంటుంది?

మన ప్రాంతపు యువకులు మిక్కిలిగా ఆడిన ఆటలలో 'వైస్ సిటీ' ఒకటి. 2002లో విడుదలై 2003లో కంప్యూటర్లకు వచ్చిన ఈ ఆట తన సేవ్ ఫైళ్లను స్థాపించిన చోట ఉంచదు. డాక్యుమెంట్స్ అనే అరలో 'జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్' అనే ఫోల్డరును తయారుచేసి, అందులో ఎనిమిది వరకు సేవ్‌లను నిలుపుతుంది. ఆట చెడి తొలగించినను ఆ ఫోల్డరును కదపకుంటే పురోగతి నిలిచే ఉంటుంది. కాని విండోస్‌నే మరల స్థాపించి, సి డ్రైవును ఫార్మాట్ చేస్తే డాక్యుమెంట్స్‌తో పాటు అదీ పోతుంది.

'మైన్‌క్రాఫ్ట్' జావా ప్రతి యూజరు పేరిట ఉన్న యాప్‌డేటా అనే అరలో, చుక్కతో మొదలయ్యే మైన్‌క్రాఫ్ట్ ఫోల్డరులోని 'సేవ్స్' అనే చోట లోకాలను దాచుతుంది. యాప్‌డేటా సాధారణంగా కంటికి కనబడదు. విండోస్‌లో దాచిన అంశాలను చూపుమని ఎంచుకొన్నప్పుడే కనబడుతుంది. స్టీమ్ ద్వారా కొన్న ఆటలలో కొన్ని తమ సేవ్‌లను స్టీమ్ ఫోల్డరులోని 'యూజర్‌డేటా' అనే చోట, ఖాతా సంఖ్య పేరిట ఉంచుతాయి. వేరొక ఖాతాతో ప్రవేశించిన వానికి అవి కనబడవు. విండోస్ విస్టాకు పూర్వపు ఆటలు కొన్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే వ్రాయబోతే, నూతన విండోస్ వాటిని 'వర్చువల్ స్టోర్' అనే మరొక చోటికి మళ్లిస్తుంది. పాత ఆటల సేవ్‌లు కనబడక వెదకేవారు ఆ చోటును కూడ చూడవలెను.

పేరు తెలియని ఆటకు సైతం పనిచేసే ఒక ఉపాయం కలదు. ఆటలో ఒకసారి సేవ్ చేసి బయటకు రావలెను. పిదప డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా, ఆటను స్థాపించిన ఫోల్డరు, వీటన్నిటిలోను మార్పు జరిగిన సమయం ప్రకారం ఫైళ్లను వరుసపెట్టి చూడవలెను. కొద్ది నిమిషాల క్రితమే మారిన ఫైలే మనం వెదుకుచున్నది. కొన్ని ఆటలు మాత్రం పురోగతిలో కొంత భాగాన్ని విండోస్ రిజిస్ట్రీలో దాచుతాయి. వాటికి ఫోల్డరు ప్రతి ఒక్కటే చాలదు. రిజిస్ట్రీలోని ఆ భాగాన్ని కూడ ఎగుమతి చేసి ఉంచుకొనవలెను.

క్రమపద్ధతి

మొదట అసలు తొలగింపు అవసరమా అని విచారించవలెను. స్టీమ్ వంటి వేదికలలో ఆట ఫైళ్ల సమగ్రతను పరీక్షించే సౌకర్యం ఉన్నది. చెడిన ఫైలును మాత్రమే అది మరల తెచ్చుకొంటుంది. గడియారంలో ఒక పన్ను విరిగితే గడియారాన్నే పారవేయనక్కరలేదు.

తొలగింపు తప్పదనుకొన్నప్పుడు ఈ వరుసను పాటించవలెను.

ఒకటి: ఆటను పూర్తిగా మూసి, సేవ్ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోనికో మరొక డ్రైవులోనికో ప్రతి తీయవలెను. 'కట్' వలదు, 'కాపీ' మాత్రమే చేయవలెను. మధ్యలో విద్యుత్తు పోయినను మూలం చెడకుండ ఉంటుంది.

రెండు: ప్రతిలోని ఫైళ్ల సంఖ్యను, పరిమాణాన్ని మూలంతో పోల్చి చూడవలెను. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరూ చెప్పలేరు.

మూడు: ఆట ఏ రూపాంతరమో, దానికి ఏయే అదనపు మార్పులు చేర్చుకొన్నామో వ్రాసి పెట్టుకొనవలెను. పేరు ఒకటే అయినను రూపం మారితే సేవ్ చెల్లకపోవచ్చును. 2021 నవంబరులో వచ్చిన వైస్ సిటీ నూతన సంస్కరణలో పాత ఆట సేవ్‌లు పనిచేయవు.

నాలుగు: తొలగించే వేళ యూజరు డేటాను కూడ చెరిపివేయమంటారా అని ప్రోగ్రాము ప్రశ్నిస్తే, వలదని చెప్పవలెను. ప్రశ్నను చదవకుండ 'ఎస్' నొక్కే అలవాటు వలన జరిగే నష్టం వైరస్ వలన జరిగేదాని కంటె తక్కువేమీ కాదు.

ఐదు: మరల స్థాపించిన తరువాత ఆటను ఒకసారి తెరచి, క్రొత్తగా ఆరంభించి, సేవ్ చేసి మూయవలెను. దీనివలన సరియైన చోట ఫోల్డరు ఏర్పడుతుంది. అప్పుడు దాచిన ప్రతిని అందులో ఉంచి ఆటను తెరవవలెను.

ఆరు: పురోగతి కనబడినంత మాత్రాన పెన్‌డ్రైవులోని ప్రతిని చెరపవలదు. కొన్నాళ్లు ఆడి, క్రొత్త సేవ్‌లు కూడ నిలుస్తున్నవని తేలిన పిదపనే ఆ విషయం ఆలోచించవలెను.

మేఘంపై నమ్మకం ఎంతవరకు?

'క్లౌడ్' ఉన్నది కదా, మనకెందుకీ శ్రమ అని కొందరంటారు. స్టీమ్ సంస్థ 2008 నుండి ఈ సదుపాయం కల్పించింది. అయితే ప్రతి ఆటా దానిని వినియోగించదు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి కలదు. క్లౌడ్ చేసే పని సమన్వయం. అది యంత్రంలో ఉన్నదానికి ప్రతిబింబం. యంత్రంలో సేవ్ చెడితే ఆ చెడినదే మేఘానికీ ఎక్కవచ్చును. రెండుచోట్ల రెండు భిన్నమైన ప్రతులు ఉన్నప్పుడు ఏది ఉంచవలెనని అది అడుగుతుంది. అప్పుడు తేదీని, వేళను చదివి జవాబు చెప్పవలెను. తొందరపడి క్రొత్త ఖాళీ సేవ్‌ను ఎంచుకొంటే పాతది దాని కింద పూడిపోతుంది. అందుచేత పాత ప్రతిని పెన్‌డ్రైవు నుండి తెచ్చి ఉంచే వేళ ఆ ఆటకు క్లౌడ్ సమన్వయాన్ని తాత్కాలికంగా నిలిపి, అంతా సరిచూచుకొన్న తరువాత తిరిగి ఆరంభించుట మేలు.

చేతిఫోనులో ఆట

నేడు పల్లెలలో కంప్యూటరు కంటె చేతిఫోనే ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోనులో ఆటను తొలగిస్తే దాని స్వంత అర కూడ దానితోనే పోవడం సాధారణ నియమం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుండి ఒక్కొక్క యాప్‌కు 25 మెగాబైట్ల వరకు తనంతట తానే గూగుల్ ఖాతాలో దాచే ఏర్పాటు ఉన్నది గాని, ఆట తయారుచేసినవారు దానిని నిలిపివేయకుండ ఉండవలెను. సెట్టింగులలో 'క్లియర్ క్యాషె', 'క్లియర్ డేటా' అని రెండు మీటలు ప్రక్కప్రక్కన ఉంటాయి. మొదటిది చెత్తను ఊడ్చుట వంటిది. రెండవది ఇంటిని ఖాళీ చేయుట వంటిది. ఐఫోనులో 2017 నాటి ఐఓఎస్ 11 నుండి 'ఆఫ్‌లోడ్' అనే సౌకర్యం కలదు. అది ఆటను తీసివేసి, ఆర్జించినదానిని మాత్రం ఉంచుతుంది. 'డిలీట్' అయితే రెండూ పోతాయి.

ఈ విషయంలో మన దేశపు యువతకు కలిగిన పెద్ద పాఠం పబ్జీ ఆట. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్జీ మొబైల్ కూడ అందులో చేరింది. అక్టోబరు 30తో దేశంలో దాని సేవ నిలిచింది. 2021 జులై 2న క్రాఫ్టన్ సంస్థ 'బ్యాటిల్ గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేరుతో క్రొత్త ఆటను విడుదల చేసి, పాత ఖాతాలోని ఆర్జనను ఇందులోనికి తెచ్చుకొనే అవకాశం కొంతకాలం కల్పించింది. సామాజిక మాధ్యమాల ఖాతాతో తమ ఆటను ముడివేసుకొన్నవారు తమ స్థాయిని, సామగ్రిని తిరిగి పొందగలిగారు. ఖాతా లేకుండ 'గెస్ట్'గా ఆడినవారికి ఆ భాగ్యం కలుగలేదు. అతిథికి ఇంటిలో అర ఉండదు. 2022 జులైలో ఈ ఆటను కూడ యాప్ దుకాణాల నుండి తొలగించారు. 2023 మే నెలలో మరల అనుమతించారు. ఇటువంటి ఆటలలో సేవ్ మన చేతిలో ఉండదు, సంస్థ సర్వరులో ఉంటుంది. అక్కడ మనం కాపాడుకొనదగినది ఖాతా ఒక్కటే: ఏ ఖాతాతో ప్రవేశించామో, దాని రహస్యపదం, ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు.

ఆటను దాటిన పాఠం

ఇంతవరకు చెప్పినది ఆటకు సంబంధించినదే. కాని డాక్యుమెంట్స్ అనే ఆ అరలోనే వైస్ సిటీ సేవ్‌కు ప్రక్కన మన విద్యార్థి ప్రాజెక్టు నివేదిక కూడ ఉంటుంది. వినగడప వంటి గ్రామాలలో విద్యార్థి కంప్యూటరు చెడితే తిరువూరులోని దుకాణానికి తీసికొని పోతాడు. 'ఫార్మాట్ చేసి ఇస్తాము, రేపు రండి' అంటారు. ఆ ఒక్క మాటలో సంవత్సరపు కృషి పోవచ్చును. ఫార్మాట్ చేసేవానికి ఏది పాఠ్యపుస్తకమో, ఏది నోటుపుస్తకమో తెలియదు. అది చెప్పవలసినవాడు యజమాని. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున అనేక యంత్రాలలో విండోస్‌ను మరల స్థాపించవలసి వస్తున్నది. కనుక ఈ జాగ్రత్తకు ఇదే తగిన తరుణం.

ప్రతి ఒక్కటి ఉంటే లేనట్లే, రెండు ఉంటే ఒకటి ఉన్నట్లు అని అనుభవజ్ఞులంటారు. మూడు ప్రతులు, రెండు విధాల సాధనాలపై, ఒకటి వేరొక చోట ఉండవలెనన్నది లోకమంతటా అంగీకరించిన సూత్రం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లలో రోజుల తరబడి నీరు నిలిచినప్పుడు, 'వేరొక చోట' అనే మాట విలువ ఏమిటో మన జిల్లా కన్నులారా చూచింది. ఒకే బీరువాలో కంప్యూటరును, పెన్‌డ్రైవును ఉంచినవానికి రెండు ప్రతులున్నట్లు కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో మూడు మనవులు. ప్రయోగశాలలోని ప్రతి యంత్రంలో విండోస్‌కు సి డ్రైవును, విద్యార్థుల పనికి డి డ్రైవును వేరుచేయించవలెను. ఫార్మాట్ చేయించే ముందు వారం దినాలు నోటీసు బోర్డులో ప్రకటన ఉంచవలెను. తుది సంవత్సరపు ప్రాజెక్టులను దాచేందుకు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును కొని గ్రంథాలయంలో ఉంచవలెను. వీటికి అయ్యే వ్యయం స్వల్పం.

విద్యార్థుల పని మన వద్ద ఉన్న అమానత్. ఇతరులు నమ్మి అప్పగించినదానిని చెడకుండ తిరిగి ఇవ్వడం ధర్మమని మన పెద్దలు నేర్పారు. విద్యార్థినీ విద్యార్థులు కూడ తమ శ్రమ తమకే అప్పగింపబడిన అమానత్ అని భావించి, ఆటలోనైనను చదువులోనైనను తొలగించే మీట నొక్కే ముందు ఒక క్షణం ఆగి, భద్రపరచితినా అని తమ్ము తాము ప్రశ్నించుకొందురని ఆశిస్తున్నాను.